క్వెర్టీ ఫోన్ల లెక్క తిరుపతికి వచ్చేసరికి ఎందుకు మారింది

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆ గుజ్జు డ్రమ్ముల్లో నిండి గల్ఫ్‌కు, యూరప్‌కు పోతుంది. 2006, 2007 నాటికే విదేశీ పార్టీలతో వ్యవహారం చాలావరకు ఈమెయిల్‌లోకి వచ్చేసింది. ఆర్డరు, శాంపిల్ రిపోర్టు, బ్యాంకు ఎల్‌సీలో (సరుకు డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) దిద్దుబాట్లు, అన్నీ అందులోనే. కంప్యూటర్ ఆఫీసు గదిలో ఉంటుంది, యజమాని కాటా దగ్గర ఉంటాడు. సీజన్ ఉండేదే కొద్ది వారాలు. మధ్యాహ్నం వచ్చిన మెయిల్ రాత్రి చూసుకుంటే ఒక రోజు పోయినట్టే.

ఇలాంటి మనిషికి నిలబడ్డచోటే బొటనవేళ్లతో జవాబు కొట్టగలిగే ఫోన్ నిజంగా పనికొచ్చే వస్తువు. కానీ దాన్ని తయారుచేసినవాళ్లు మనసులో పెట్టుకున్నది వేరే మనిషిని. వాళ్లు ‘బిజినెస్ ఫోన్’ అన్నప్పుడు ఆ బిజినెస్‌కు అర్థం పెద్ద కంపెనీ. ఫోన్ కంపెనీ కొనిస్తుంది, బిల్లు కంపెనీ కడుతుంది, మెయిల్ సర్వర్ సంగతి ఐటీ విభాగం చూసుకుంటుంది. మనవైపు బిజినెస్ అంటే సొంత వ్యాపారం. సొంత డబ్బుతో కొన్న ఒక్క ఫోన్‌లోనే పార్టీల మెయిల్, పిల్లల ఫొటోలు, పాటలు అన్నీ ఇమడాలి. కంప్యూటర్‌లోలాగా అక్షరానికో మీట ఉండే ఫోన్లు, అంటే క్వెర్టీ ఫోన్లు, మొదట్లో వచ్చినప్పుడు వాటిలో ఏది పెట్టారు, ఏది తీసేశారు అన్నది ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది.

నోకియా ఈ61నే తీసుకుందాం. 2005 అక్టోబరులో ప్రకటించారు, 2006లో అమ్మకానికి వచ్చింది. 2.8 అంగుళాల అడ్డ తెర, వైఫై, 3జీ, 1500 ఎంఏహెచ్ బ్యాటరీ, సింబియన్ ఎస్60 మూడో ఎడిషన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ రోజుల్లో ఇంత నిండైన ఫోన్లు అరుదు. అయినా అందులో కెమెరా లేదు. మధ్యరకం ఫోన్లలో కూడా కెమెరా మామూలైపోతున్న కాలం అది, కాబట్టి డబ్బు మిగుల్చుకోవడానికి తీసేశారనుకోలేం. రక్షణ సంస్థలు, పరిశోధన కేంద్రాలు, డిజైన్ బయటికి పొక్కకూడదనుకునే ఫ్యాక్టరీలు చాలాచోట్ల కెమెరా ఫోన్‌ను గేటు దాటనిచ్చేవి కావు. ఉద్యోగులకు వందల ఫోన్లు ఒకేసారి కొనే కంపెనీకి కెమెరా లేకపోవడమే ఒక సుగుణం. పామ్ ట్రియో 650ని కెమెరా ఉన్నదీ లేనిదీ రెండు రకాలుగానూ అమ్మారు. 2007లో వచ్చిన బ్లాక్‌బెర్రీ 8800లో జీపీఎస్ ఉంది, కెమెరా లేదు.

ఫోన్‌ను గేటు దగ్గర ఆపడం తిరుపతి వాళ్లకు కొత్త సంగతి కాదు. తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్‌ను గానీ కెమెరాను గానీ తీసుకెళ్లనివ్వరు. కౌంటర్‌లో అప్పజెప్పి, దర్శనం అయ్యాక తిరిగి తీసుకోవాలి. అయితే అక్కడ కెమెరా లేని ఫోన్‌కు ప్రత్యేక మర్యాద ఏమీ ఉండదు. ఏ ఫోన్ అయినా బయటే. అంటే కెమెరా లేకపోవడం వల్ల యూరప్ ఆఫీసు ఉద్యోగికి దక్కిన లాభం ఇక్కడి వ్యాపారికి దక్కలేదు, నష్టం మాత్రం పూర్తిగా దక్కింది. సొట్టపడిన డ్రమ్మును ఫొటో తీసి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు పంపాలంటే పక్కవాళ్ల ఫోన్ అడగాలి. 2007 ఫిబ్రవరిలో నోకియా తెచ్చిన ఈ61ఐలో 2 మెగాపిక్సెల్ కెమెరా చేరింది. ఫ్లాష్ లేదు, ఫోకస్ మారదు, అయినా ఉంది. సొంత జేబులోంచి డబ్బు తీసే మనిషి కూడా ఈ ఫోన్ కొంటున్నాడని కంపెనీకి తెలిసొచ్చిన గుర్తు అది.

ఇక కీబోర్డు. దానికి అసలు ఖరీదు రూపాయల్లో లేదు, స్థలంలో ఉంది. అరచేతిలో ఇమిడే వస్తువు ముఖంలో సుమారు మూడోవంతు మీటలకే ఇచ్చేస్తే తెర మిగిలినదాంట్లో సర్దుకోవాలి. అందుకే ఈ ఫోన్లలో నిలువు తెర పోయి అడ్డ తెర వచ్చింది, వెడల్పు 320 చుక్కలు, ఎత్తు 240. ఎక్సెల్ షీటు తెరిస్తే నిలువు వరుసలు బాగానే కనిపిస్తాయి. పొడుగాటి మెయిల్ అయితే కొన్ని లైన్లు చదివేసరికి కిందికి జరపాల్సిందే. ఈ61 వెడల్పు దాదాపు 70 మిల్లీమీటర్లు. చొక్కా జేబులో వేస్తే జేబు బరువుగా కిందికి వేలాడేది. 2008 జూన్‌లో ప్రకటించిన ఈ71 ఆ వెడల్పును 57 మిల్లీమీటర్లకు దించింది, మందాన్ని 10కి తెచ్చింది, ఒంటికి స్టీలు తొడిగింది. బరువు 127 గ్రాములు. ఈ నాజూకుతనానికి తెర మూల్యం చెల్లించింది, 2.8 నుంచి 2.36 అంగుళాలకు వచ్చింది. చుక్కల సంఖ్య మారలేదు కాబట్టి అక్షరం పదునుగానే ఉంటుంది, సైజు మాత్రం చిన్నది. చత్వారం మొదలైనవాళ్లు చేయి చాచి, కళ్లు చికిలించి చదివేవాళ్లు. మీటలు కూడా చిన్నవైపోయాయి గనుక ఒక్కోదాన్ని మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా చేశారు, పక్క మీట మీదికి వేలు జారకుండా. ఆ చిన్న పనితనం ఎంత మంచిదో దాని మీద నాలుగు రోజులు టైపు చేసినవాళ్లకు తెలుసు.

బ్లాక్‌బెర్రీ కర్వ్‌లో ఇంకో చిక్కు. తెర కింద తెల్లటి చిన్న గోళీ ఉండేది, ట్రాక్‌బాల్. బొటనవేలితో దొర్లిస్తే బాణం గుర్తు అటూ ఇటూ కదులుతుంది. తెరను తాకాల్సిన పని లేదు, ఒంటిచేత్తో నడుస్తుంది. కానీ వేలికున్న జిడ్డు, దుమ్ము లోపలి సన్నటి రోలర్లకు పట్టేవి. పైకి దొర్లుతుంది, కిందికి దొర్లదు. విప్పి స్పిరిట్‌తో తుడవాలి, లేదా మార్చాలి. ఎండాకాలం దుమ్ము, చెమట చేతులు ఉన్న ఊళ్లలో ఇది మామూలు రిపేరు. 2009లో వచ్చిన కర్వ్ 8520లో గోళీ తీసేసి, వేలి కదలికను వెలుతురుతో పసిగట్టే పలక పెట్టారు. కదిలే భాగం లేకపోతే పాడయ్యే భాగం లేదు.

ఏ ఫోన్‌కు ఏ ఫీచర్ పంచాలి అన్నదాంట్లో కర్వ్ వరస అన్నిటికన్నా విచిత్రం. 8310లో జీపీఎస్ ఉంది, వైఫై లేదు. 8320లో వైఫై ఉంది, జీపీఎస్ లేదు. చూడటానికి రెండూ ఒకటే ఫోన్. ఇవి ఎక్కువగా టెలికాం కంపెనీల ద్వారా అమ్ముడుపోయేవి. వైఫై ఇస్తే కస్టమర్ డేటా బిల్లు తగ్గుతుందేమోనని జంకే కంపెనీ ఒకటుంటే, వైఫై మీదుగా కాల్స్ నడపాలనుకునే కంపెనీ ఇంకోటి. ఈ61కి అమెరికాలో ఇదే గతి పట్టింది. ఈ62 పేరుతో అక్కడ అమ్మిన దాంట్లోంచి వైఫై, 3జీ రెండూ తీసేశారు. ఫోన్ వాడేవాడి అవసరం ఇక్కడ లెక్కలోకే రాలేదు. తిరుపతిలో అప్పట్లో వైఫై, జీపీఎస్‌లలో ఏది ఎంచుకున్నా పెద్ద తేడా ఉండేది కాదు. వైఫై ఉన్న ఇళ్లు తక్కువ. జీపీఎస్ దారి చూపించాలంటే ఊరి మ్యాపు సరిగ్గా ఉండాలి. అది లేని రోజుల్లో బైపాస్ రోడ్డులో అడ్రసు వెతికేవాళ్లు ఆటో స్టాండులో అడగడమే మేలనుకునేవాళ్లు.

3జీ సంగతి ఇంకా స్పష్టం. ఈ61లో 2006లోనే 3జీ ఉంది. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ 3జీ 2009లో కొన్ని ఊళ్లలో మొదలైంది. ప్రైవేటు కంపెనీలకు స్పెక్ట్రమ్ వేలం జరిగింది 2010లో, సేవలు మొదలైంది ఆ ఏడాది చివరి నుంచి. అంటే ఈ61 కొన్నవాళ్లు 3జీకి డబ్బు కట్టి ఏళ్లపాటు ఎడ్జ్ (3జీకి ముందటి నెమ్మది డేటా) మీదే బతికారు. అంతటితో పోలేదు. ఫోన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ‘డ్యూయల్ మోడ్’లో ఉంటే లేని 3జీ సిగ్నల్ కోసం ఫోన్ వెతుకుతూ ఉండేది, సాయంత్రానికి బ్యాటరీ దిగిపోయేది. తెలిసినవాళ్లు ‘జీఎస్ఎం’ అని మార్చేసి ఊపిరి పీల్చుకునేవాళ్లు. డబ్బు పోసి కొన్న ఫీచర్‌ను ఆపేస్తే గానీ ఫోన్ బాగా పనిచెయ్యని పరిస్థితి. ఎడ్జ్‌కూ ఒక లోపం ఉంది. కాల్ మాట్లాడుతున్నంతసేపూ డేటా ఆగిపోతుంది. పార్టీతో ఫోన్‌లో ఉండగా అతను “ఇప్పుడే మెయిల్ పెట్టాను, చూడండి” అంటే, కాల్ పెట్టేస్తే గానీ చూడటం కుదరదు.

ఈ నేపథ్యంలో 2008 నవంబరులో నోకియా ప్రకటించిన ఈ63 గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఈ71 ప్రకటించినప్పుడు పన్నులు కాకుండా 350 యూరోలన్నారు, ఈ63కి 199. ఆ తేడా ఎక్కడ తగ్గించారు? స్టీలు పోయి ప్లాస్టిక్ వచ్చింది. మందం 13 మిల్లీమీటర్లైంది. జీపీఎస్ తీసేశారు. వేగమైన 3జీ బదులు 384 కేబీపీఎస్ రకం పెట్టారు. వీడియో కాల్‌కు ముందువైపు ఉండే కెమెరా తీసేశారు. వెనక కెమెరాను 3.2 నుంచి 2 మెగాపిక్సెల్‌కు దించి ఆటోఫోకస్ తీసేశారు. యూరప్‌లో కూర్చుని చదివితే ఇదంతా కోతల జాబితా. తిరుపతిలో కూర్చుని అదే చదివితే వేరేలా ఉంటుంది. 3జీయే లేనిచోట వేగమైన 3జీ ఉంటే ఎంత, లేకుంటే ఎంత? వీడియో కాల్ కూడా అంతే.

నిజంగా బాధపెట్టిన కోత ఒక్కటే, ఆటోఫోకస్. ఈ71లో కెమెరా తెరిచి ‘టి’ మీట నొక్కితే ఫోకస్ కుదురుతుంది, తర్వాత మధ్య బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. ఫొటో కోసం విడిగా బటన్ పెట్టే చోటు లేక అక్షరం మీటకే ఆ పని అప్పజెప్పారు. వింతగా ఉన్నా అలవాటైపోతుంది. ఆ ‘టి’ పుణ్యమా అని లారీ రసీదును, బిల్లును దగ్గరగా ఫొటో తీస్తే అంకెలు చదవగలిగేలా వచ్చేవి. ఈ63తో తీస్తే దూరంగా ఉన్న మనుషులు బాగానే పడతారు, దగ్గరున్న కాగితం మసకగా పడుతుంది. కెమెరాను కాగితాలకు వాడే వ్యాపారికి ఈ తేడా మెగాపిక్సెల్ లెక్కకన్నా ఎక్కువ.

కోతలతో పాటు ఈ63లో చేర్చినవీ ఉన్నాయి. ఈ71లో ఇయర్‌ఫోన్ రంధ్రం 2.5 మిల్లీమీటర్లది, బజారులో దొరికే మామూలు ఇయర్‌ఫోన్ అందులో పట్టదు. ఈ63లో మామూలు 3.5 పెట్టారు. ఇంకొకటి, స్పేస్ బార్. దాన్ని కాసేపు నొక్కిపట్టుకుంటే వెనకనున్న ఫ్లాష్ టార్చిలా వెలుగుతుంది. కరెంటు కోతలు రోజూ ఉండే ఎండాకాలాల్లో, మెట్ల మీద, బోరు మోటారు దగ్గర, స్కూటర్ తాళం పెట్టే చోట ఆ వెలుగు ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో వాడినవాళ్లకే తెలుసు. బ్యాటరీ కూడా ఈ71కు వేసిన బీపీ-4ఎల్ రకమే, 1500 ఎంఏహెచ్. చవకది కదా అని అందులో తగ్గించలేదు. వెనక మూత తీసి మార్చుకోవచ్చు గనుక, ఇంకొకటి ఛార్జి చేసి జేబులో వేసుకుంటే కరెంటు ఎప్పుడొస్తుందా అన్న టెన్షన్ ఉండదు. ఈ71లో మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉన్నా దాంతో ఛార్జి ఎక్కదు, సన్న పిన్ను ఛార్జరే కావాలి. అప్పట్లో అది పెద్ద లోపం కాలేదు, సన్న పిన్ను నోకియా ఛార్జర్ చాలా ఇళ్లలో, కొట్లలో ఉండేది.

మెయిల్ వచ్చే పద్ధతిలోనూ రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. నోకియాలో మామూలు మెయిల్‌కైతే ఫోన్ తనే నిర్ణీత వ్యవధికి ఒకసారి సర్వర్‌ను అడుగుతుంది, కొత్తవి వచ్చాయా అని. అయిదు నిమిషాలకోసారి అడగమంటే బ్యాటరీ తింటుంది, గంటకోసారి అంటే మెయిల్ ఆలస్యమవుతుంది. బ్లాక్‌బెర్రీ పని వేరు. మెయిల్స్ ముందు ఆ కంపెనీ సొంత కేంద్రానికి చేరతాయి, అక్కడ కుదించి, ముక్కలు చేసి ఫోన్‌కు నెడతారు. ఫోన్ ఊరికే వెతుక్కోదు కాబట్టి బ్యాటరీ నిలుస్తుంది, ఎడ్జ్ మీద కూడా మెయిల్ చటుక్కున వచ్చేస్తుంది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటే కొత్తది వచ్చినట్టు. చిత్తూరులాంటి చోట, 3జీ లేని రోజుల్లో, మెయిల్ ఒక్కదానికే చూస్తే బ్లాక్‌బెర్రీదే సరైన పద్ధతి. కానీ దానికి టెలికాం కంపెనీ దగ్గర నెలనెలా వేరే ప్లాను కట్టాలి. కట్టకపోతే ఆ చటుక్కున వచ్చే మెయిలే ఉండదు. అన్నీ ఒకే కేంద్రం మీదుగా పోవడంలో ఉన్న ప్రమాదం 2011 అక్టోబరులో బయటపడింది. అక్కడి ఒక ప్రధాన స్విచ్ చెడిపోయింది, దాని బదులు పనిచెయ్యాల్సినది పనిచెయ్యలేదు. మన దేశంతో సహా పలు ఖండాల్లో రోజుల తరబడి మెయిల్ స్తంభించిపోయింది. నోకియా వాడేవాళ్ల మెయిల్ ఎప్పట్లాగే, మెల్లగా, వచ్చింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆనాటి పోలిక పట్టికల్లో ఉన్న గళ్లే. కెమెరా, జీపీఎస్, వైఫై, 3జీ, జాక్. మనవాళ్లకు అన్నిటికన్నా పెద్ద లోపం మాత్రం ఆ పట్టికల్లో గడిగా కూడా లేదు. అది తెలుగు.

ఇంత ఖరీదైన ఫోన్‌కు తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపించేవి. తెలుగు అక్షరాన్ని తెర మీద నిలబెట్టడం ఇంగ్లీషు అక్షరాలను వరసగా పేర్చినట్టు కాదు. గుణింతం పైనో పక్కనో అతుక్కోవాలి, వత్తు కిందికి దిగాలి. ఆ కూర్పు చేసే సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో లేకపోతే ఫాంటు ఎక్కించినా ముక్కలు ముక్కలుగానే కనబడుతుంది. దీనికి జనం పట్టుకున్న దారి ఒపెరా మినీ అనే బ్రౌజర్. దాని అడ్రసు పట్టీలో ఒపెరా:కాన్ఫిగ్ అని కొడితే ఒక సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో ‘యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అన్నచోట ‘యెస్’ పెట్టి సేవ్ చెయ్యాలి. అప్పట్నుంచి ఒపెరా వాళ్ల సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపుతుంది, ఫోన్ ఆ బొమ్మలను చూపిస్తుంది. తెలుగు పత్రిక వెబ్‌సైటు మొదటిసారి ఆ చిన్న తెర మీద చక్కగా విచ్చుకుంటే కలిగిన సంతోషం చిన్నదేమీ కాదు. దానికీ ఒక ధర ఉంది. బొమ్మలు అక్షరాలకన్నా బరువు, ఎడ్జ్ మీద పేజీ నిదానిస్తుంది. బొమ్మ కాబట్టి కాపీ చేసుకోవడానికీ ఉండదు.

చదవడం అలా కుదిరింది, రాయడం కుదరలేదు. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉన్నాయి, వాటిని మార్చలేం. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు ఈ ఫోన్లతో బాగా బలపడింది. ఎస్ఎంఎస్ లెక్క కూడా దాన్నే ప్రోత్సహించింది. ఇంగ్లీషు లిపిలో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో 70. పైగా ఆ 70లో గుణింతం గుర్తు విడిగా, వత్తు విడిగా లెక్కకొస్తాయి. ‘శ్రీకాళహస్తి’ అన్న మాట కంటికి అయిదక్షరాలే, ఎస్ఎంఎస్ లెక్కలో పన్నెండు.

కీబోర్డు ఫోన్‌లో తెలుగు సాధ్యమే కాదని అనలేం. నోకియా అరబిక్, రష్యన్ అక్షరాలు అచ్చేసిన క్వెర్టీ మీటలతో ఇవే ఫోన్లను ఆయా దేశాల్లో అమ్మింది. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఉంది, మామూలు కంప్యూటర్ కీబోర్డులో ఇమిడిపోతుంది. చెయ్యగలిగిన పనే. చెయ్యకపోవడం వెనకున్నది ఒక అంచనా, మన దేశంలో బిజినెస్ చేసేవాడు ఇంగ్లీషులోనే చేస్తాడని. ఎల్‌సీ కాగితాలకు ఆ అంచనా సరిపోతుంది. చిత్తూరు బెల్లం మండీలో తెలుగులో చిట్టా రాసుకునే వ్యాపారికి సరిపోదు. అతను రోజంతా రాస్తాడు, లెక్కలు కడతాడు, పదిమందికి కబురు పంపుతాడు. రాసే పని ఇంత ఉన్న మనిషి రాయడం కోసమే పుట్టిన ఫోన్‌ను కొనకుండా మామూలు సెల్‌తోనే కాలక్షేపం చేశాడు. టచ్ ఫోన్లు గెలవడానికి పెద్ద తెర కారణమని సాధారణంగా చెబుతారు. మనవైపు ఇంకో కారణాన్ని దానికన్నా ముందు నిలబెట్టాలి. గాజు మీద గీసిన కీబోర్డు కాబట్టి దాన్ని చెరిపి అఆలు గీయొచ్చు. అచ్చేసిన మీటకు ఆ వీలు లేదు.

ఆ ఫోన్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. వాట్సాప్ 2017 జూన్ చివరలో సింబియన్‌కు, అదే ఏడాది డిసెంబరు చివరలో బ్లాక్‌బెర్రీకి సెలవు చెప్పింది. 2016లో వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు గనుక దాని సిమ్ వీటిలో పనిచెయ్యదు. 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ తన పాత ఫోన్ల సేవలను పూర్తిగా ఆపేసింది. అంతా ఒకే కేంద్రం మీదుగా నడవాలని కట్టిన ఫోన్లకు ఆ కేంద్రం మూతపడితే ఇక భరోసా లేదు. ఈ63కి అలాంటి ముడి ఏదీ వెయ్యలేదు. బీరువాలో పడున్న ఈ63కి ఛార్జి ఉన్న బీపీ-4ఎల్ వేసి స్పేస్ బార్ నొక్కిపట్టుకుంటే, మీట చెడిపోకపోతే, ఇప్పుడూ వెలుగుతుంది.